కుర్చీ లోపల రాసిన పేరు

మెట్టుగూడ,
జులై 9, 2025.

ప్రభువునందు ప్రియమైన బిడ్డ కృపారాణికి,

కూర్చోవడానికి అంత మెత్తదనం ఎందుకమ్మా నీకు? ముందు దీనికి జవాబు చెప్పుకుని, తర్వాత మిగతా ఉత్తరం చదువు.

నిన్న ఫోనులో నేను అరిచాను. ఫోను పెట్టేశాక మీ అత్త అమృతమ్మ గడపలో నిలబడి, "గా నోటితోనేనా రేపు మాణికేశ్వర్ నగర్‌ల సంఘానికి శాంతి గురించి చెప్పేది?" అన్నది. నాలుక నిప్పు అని యాకోబు భక్తుడు ఊరికే అనలేదు. అందుకని నీతో ఇక ఫోను లేదు. మెట్టుగూడ నుంచి తార్నాకకు బస్సులో పది నిమిషాలు, పోస్టులో మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో నా కోపం చల్లారనీ.

కానీ చెప్పవలసింది చెప్తాను. సోఫా కొనుక్కుంటానంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. నీ చేతులతో చేసుకుంటానన్నావు. మెత్తని పాన్పుల మీద ఒళ్ళు విరుచుకునే వాళ్ళకు ఆమోసు ప్రవక్త ఏ గతి పడుతుందన్నాడో తీసి చదువు. నేను ఎనిమిదో తరగతితో రైల్వేలో ఖలాసీగా చేరినవాణ్ణి. ఆ మాట నాకు ఏ గురువూ చెప్పలేదు, లాంతరు పట్టుకుని నేనే కూడబలుక్కుని చదివాను. నువ్వు యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్నావు, నీకు అర్థం కాదా?

నీ తండ్రి ఉప్పలయ్య ఆ పనే చేశాడు. సోఫాలు కుట్టిన చెయ్యే సారా సీసా పట్టింది. పదహారేళ్ళ కింద లారీ కింద పడి పోయాడు. తల్లి అప్పటికే లేదు, తొమ్మిదేళ్ళ నిన్ను నేనూ మీ అత్తా ఎత్తుకుని తెచ్చుకున్నాం. ఆ సుతిలి తాడు, ఆ దూది, ఆ సుత్తి మళ్ళీ మన ఇంటి గడప తొక్కవద్దు.

ఆ చెక్క ముక్కలు ఎవరికైనా ఇచ్చెయ్.

నీ మామయ్య,
సుందరరావు.


తార్నాక,
జులై 15.

మామయ్యకు కృప వందనాలు.

మీ ప్రశ్నకు జవాబు. హాస్టలు వదిలి ఈ గదికి వచ్చి నెలైంది. ఇక్కడున్నవి ఒక మంచం, ఒక ప్లాస్టిక్ స్టూలు. పగలంతా క్యాంపస్ లైబ్రరీ చెక్క కుర్చీలో, సాయంత్రం ఆ స్టూలు మీద కూర్చుని థీసిస్ రాస్తుంటే నడుము పట్టేస్తోంది. అంతే, వేరే భోగమేమీ లేదు. ఆమోసు ప్రవక్త తిట్టింది దంతపు మంచాల వాళ్ళని. నాది హాస్టలు బాగుచేసినప్పుడు బయట పారేసిన మంచాల కలప. ఆయనే మేడిపండ్లు ఏరుకుని బతికిన మనిషి కదా, చేతి పనిని తిడతాడనుకోను.

ఇద్దరు కూర్చునేంత సోఫా. చట్రం అయింది. అడుగున నవారు పట్టీలు లాగి అల్లాను. వాటి మీద స్ప్రింగులు, స్ప్రింగుల మీద గోనెపట్టా, ఆపైన కొబ్బరి పీచు, దూది, చివర గుడ్డ. చెప్పడానికి ఇంతే. ఇంటి ఓనరు విశాలాక్షి గారు కింద ఉంటారు. మొన్న మెట్లెక్కి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మాయ్, పీహెచ్‌డీ సోఫాలోనా చేస్తున్నావ్? నువ్వు మేకు కొట్టినప్పుడల్లా మా దేవుడి గదిలో దీపం ఉలిక్కిపడుతోంది" అన్నారు. అని కిందికి వెళ్ళి, తన పాత కుట్టు మిషను పైకి పంపించారు.

ఒకచోట ఆగిపోయాను. స్ప్రింగుల్ని వీడియోలు చూసి సుతిలితో కట్టాను. కూర్చోగానే ఒక పక్కకి వాలిపోతున్నాయి. మూడుసార్లు విప్పి కట్టాను. ఇంకో విచిత్రం, దూది పరుస్తుంటే ఎడమ చేతి మీద ఆ పాత మచ్చ మండుతుంది. చిన్నప్పుడు కిరసనాయిలు స్టవ్వు మీద పడి కాలిన మచ్చకి దూదితో ఏం పని? నాకే నవ్వొచ్చింది.

మామయ్యా, ఒకటి అడుగుతాను, కోపం వద్దు. మీరు రోజూ కూర్చుని వాక్యం సిద్ధం చేసుకునే కుర్చీ నాన్న చేసిందే కదా. ఒక్క వారం ఇవ్వండి. సీటు విప్పి, లోపలి కట్టు చూసి, మళ్ళీ అట్లాగే కుట్టి పంపిస్తాను. ఆయన చేతి పని నా దగ్గర ఇంకేదీ లేదు. ఫోటో కూడా లేదు.

మీ
కృప.


మెట్టుగూడ,
జులై 21.

బిడ్డ కృపకు,

ఆ కుర్చీ మాట ఎత్తకు. ఎడ్లు తడబడినప్పుడు బండి మీది దేవుని మందసం పడిపోతుందేమోనని ఉజ్జా చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. ఉద్దేశం మంచిదే. అయినా అక్కడికక్కడే చచ్చిపడ్డాడు. కొన్నిటిని మంచి ఉద్దేశంతో కూడా ముట్టుకోకూడదు. ఆ కుర్చీలో కూర్చుని నేను ఇరవై రెండేళ్ళుగా దేవునితో మాట్లాడుతున్నాను. దాని పొట్ట చీల్చి చూడటానికి అది కప్ప కాదు, మీ కాలేజీ ప్రయోగశాలా కాదు.

స్ప్రింగు వాలుతోందంటే నువ్వు నాలుగు వైపులే కట్టి ఉంటావు. ఎనిమిది వైపుల కట్టాలి. ముందు అరచేత్తో సగం దాకా అణచాలి, అప్పుడు ముడి వెయ్యాలి. వదులుగా నిలబడ్డ స్ప్రింగును ఎవరూ కట్టలేరు. ఉప్పలయ్య పక్కన కూర్చుని నేను చూసినదే ఇది. మనిషినీ దేవుడు అట్లే అణచి కడతాడు. అణగని వాడు కూర్చున్న వాళ్ళను పడేస్తాడు.

ఇది రాశానని కుర్చీ వస్తుందనుకోకు. జనగామ వైపు ప్రార్థన కూటాలున్నాయి, పది రోజులు ఇంట్లో ఉండను. ప్రార్థన మానకు.

సుందరరావు.


యూనివర్సిటీ క్యాంపస్,
ఆగస్టు 4.

మామయ్యా,

లైబ్రరీ బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

మీరు కూటాలకి వెళ్ళిన మూడో రోజు అత్త ఆటోలో కుర్చీ తెచ్చింది. "మామ ఒప్పుకున్నాడా?" అని అడిగాను. ఆమె ఆటో అతనికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, నా వైపు చూడకుండా, "లోపటి దాంక విప్పు బిడ్డా. సగం విప్పి ఇడ్సిపెట్టకు" అన్నది. నీళ్ళు కూడా తాగకుండా అదే ఆటోలో వెళ్ళిపోయింది. ఆమె అంత తొందరగా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

విప్పాను. పైన మెరూన్ రెగ్జిన్. దాని కింద ఆకుపచ్చ గుడ్డ. దాని కింద పాత చారల గుడ్డ. ఒకదాని మీద ఒకటి. వీపు ఆనే పలక లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, చెక్క మీద పెన్సిలుతో రాసి ఉంది. సోఫాలు కుట్టేవాళ్ళకి ఇది అలవాటట. పని ముగించే ముందు పేరూ తేదీ లోపల రాసి, పైన గుడ్డ కప్పేస్తారు. మళ్ళీ ఎప్పుడో ఎవరో విప్పితే అది ఎవరి పనో తెలియాలని. విశాలాక్షి గారు చెప్పారు, వాళ్ళ సోఫాలో కూడా ఉందట.

రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

ఉప్పలయ్య 5-3-2003
ఉప్పలయ్య 12-6-2016
ఉప్పలయ్య 18-6-2023 వారాసిగూడ

మూడూ ఒకే చేతి రాత. చివరి అక్షరం తోక మూడింటిలోనూ సుతిలి ముడిలా చుట్టుకుని ఉంది. ఆకుపచ్చ గుడ్డ కింద మెత్తదనానికి పెట్టిన పేపరు ముక్క కూడా దొరికింది. 2016 జూన్ నెలది.

నాన్న 2009లో పోయాడని మీరు చెప్పారు. లారీ అన్నారు. విజయవాడ దగ్గరన్నారు. అక్కడే పూడ్చిపెట్టారన్నారు. రెండు నెలల పాటు రోజూ సాయంత్రం మీ క్వార్టర్స్ గేటు దగ్గర కూర్చుని ఆయన కోసం ఎదురుచూసేదాన్ని, మీరా మాట చెప్పిన రోజే ఆ ఎదురుచూపు మానేశాను. నాకు గుర్తుంది.

చనిపోయిన మనిషి ఏడేళ్ళకోసారి వచ్చి మీ కుర్చీ కుట్టి పోతున్నాడా?

కృప.


మెట్టుగూడ,
ఆగస్టు 8.

కృపకు,

కుర్చీ వెంటనే వెనక్కి పంపు. ఒకే పేరు గలవాళ్ళు లోకంలో వందమంది. చదువుకున్నదానివి, తొందరపడి ఏదీ ఊహించకు. ఆరోగ్యం జాగ్రత్త.

సుందరరావు.


తార్నాక,
ఆగస్టు 12.

మామయ్యా,

కుర్చీ పంపను.

నాకు తెలిసి మీరు వాక్యం లేకుండా ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. షాపు వాడికి రాసే చీటీలో కూడా కీర్తనకారుణ్ణి తెస్తారు మీరు. ఈ నాలుగు లైన్లలో ఎవరినీ తేలేదు. తేవడానికి భయపడ్డారు. దాంతో నాకు తెలిసిపోయింది.

జరిగింది రాయండి. మొత్తం.

కృప.


మెట్టుగూడ,
ఆగస్టు 26.

కృపా,

పది రోజులు ఉపవాసం ఉన్నాను. దేవుడు నాతో మాట్లాడలేదు. "ఆకలైతె తిను. దేవుడు ఏమంటడో నీకు ఎర్కనే" అని మీ అత్త అన్నది. రాస్తున్నాను.

మీ నాన్న చనిపోలేదు. ఏ లారీ లేదు.

నీ చేతి మచ్చ స్టవ్వుది కాదు. 2009 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఉప్పలయ్య నిన్ను తన దుకాణంలో ఉంచి, షట్టరు దించి తాళం వేసి సారా తాగడానికి వెళ్ళాడు. వెళ్ళేముందు పారేసిన బీడీ ముక్క దూది కుప్పలో రాజుకుంది. పొగ చూసి పక్క దుకాణం వాళ్ళు షట్టరు పగలగొట్టారు. నిన్ను బయటికి లాగినప్పుడు నీ ఎడమ చేతి చర్మం గుడ్డతో పాటు ఊడొచ్చింది. ఆస్పత్రిలో నీ పక్కన నేనున్నాను. అతను తెలివిలోకి వచ్చి మరునాడు వచ్చాడు. నువ్వు జ్వరంలో ఉన్నావు, మూడు వారాలు ఎవరినీ గుర్తుపట్టలేదు. తర్వాత ఆ మధ్యాహ్నం నీకు గుర్తు రాలేదు. అది దేవుడు చేసిన మేలనుకున్నాను.

అతన్ని ఇంటికి పిలిచాను. అతనే చేసిచ్చిన కుర్చీ మీద బైబిలు పెట్టి, దాని మీద చెయ్యి వేయించాను. "ఏడేళ్ళు సారా ముట్టవద్దు. అప్పటిదాకా బిడ్డ కంట పడవద్దు. ఆ తర్వాత నేను పిలిచినప్పుడే రావాలె" అన్నాను. కోరుకున్న పిల్ల కోసం యాకోబు లాబాను దగ్గర ఏడేళ్ళు కొలువు చేశాడు కదా, నువ్వూ చెయ్ అన్నాను. అతను నా కాళ్ళు పట్టుకుని, "నువ్వు పిలిచిన్నాడే వస్త బావా" అని నిజామాబాద్ వెళ్ళిపోయాడు.

నువ్వు రోజూ గేటు దగ్గర కూర్చునేదానివి. చూడలేకపోయాను. చనిపోయాడన్నాను. ఒక్క మాటతో నీ ఎదురుచూపు ఆగుతుందనుకున్నాను. ఆగింది.

ఇక్కడిదాకా నన్ను క్షమించవచ్చేమో. ఇప్పుడు రాసేదానికి అడగను. నీకు పన్నెండేళ్ళప్పుడు సంఘంలో లేచి నిలబడి, "నాకు నాన్న లేడు, దేవుడే నాన్న" అని సాక్ష్యం చెప్పావు. ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. అప్పటిదాకా నన్ను ఎవరూ పిలిచేవాళ్ళు కారు. ఆ తర్వాత ఊరూరా కూటాలకు పిలిచారు. నిన్ను వెంట తీసుకెళ్ళి తొమ్మిది ఊళ్ళలో ఆ సాక్ష్యం చెప్పించాను. నీ తండ్రి బతికి ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే పక్కన నిలబడి హల్లెలూయా అన్నాను.

2016లో ఏడేళ్ళు నిండాయి. అతను వచ్చాడు. సారా ముట్టలేదు, ముఖంలో వెలుగుంది. నువ్వు ఇంటర్ హాస్టల్లో ఉన్నావు. మూడు రోజులు ఉండి, ఊరికే కూర్చోలేక కుర్చీకి కొత్త గుడ్డ వేశాడు. పిలుస్తానని చూశాడు. నేను పిలవలేదు. "బిడ్డ చదువు చెడుతది, ఇంకో ఏడేళ్ళు ఆగు" అన్నాను. నిజానికి చెడేది నా పేరు. లాబాను కూడా యాకోబును అట్లే ఇంకో ఏడేళ్ళు ఆపాడు. లాబాను ఎవరు? యాకోబుకు మేనమామ. ఈ అధ్యాయం నేను వంద సార్లు ప్రసంగించాను కృపా, ప్రతిసారీ నన్ను నేను యాకోబు అనుకునే ప్రసంగించాను.

ఇక మూడో తేదీ. దాన్ని నీ ఉత్తరంలో చూసినప్పుడు నా కింద నేల లేదు. 2023లో అతను రాలేదనుకున్నాను. రానందుకు ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆ జూన్‌లో నేను కూటాల నుంచి వచ్చేసరికి కుర్చీకి మెరూన్ రెగ్జిన్ ఉంది. ఎవరో పనివాడు వీధిలో పోతుంటే పిలిచి వేయించానని మీ అత్త చెప్పింది. నిన్న నీ ఉత్తరం ఆమె ముందు పెట్టాను.

"వచ్చిండా?"

"వచ్చిండు. నువ్వు లేవు. ఉన్నా ఏమంటుంటివి, ఇంకో ఏడేండ్లు అంటుంటివి."

"నాకెందుకు చెప్పలేదు?"

"మూడుసార్లు చెప్పబోయిన. ఉప్పలయ్య పేరు ఈ ఇంట్ల ఎత్తనని 2016ల నాతోని బైబిలు మీద ఒట్టేపిచ్చుకుంటివి. పేరు ఎత్తలేదు. నోరు విప్పద్దన్నవ్, కుర్చీ విప్పద్దనలే."

తర్వాత అన్నది, "ఇప్పుడు వారాసిగూడల సోఫా దుకాణంల పని చేస్తున్నడు. బిడ్డ గీడనే చదువుతున్నదని చెప్పిన. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. పోయి చూడరాదా అంటె, బావకు మాటిచ్చిన, బావ నోటితోని పిలవాలె అన్నడు."

మన ఇంటికి రెండు కిలోమీటర్లు. రెండేళ్ళు. అతని చేతి పని మీద కూర్చుని నేను సత్యాన్ని గురించి ప్రసంగాలు రాసుకున్నాను.

సుందరరావు.


యూనివర్సిటీ క్యాంపస్,
సెప్టెంబరు 15.

మామయ్యా,

మీ ఉత్తరం చదివి రెండు వారాలు లైబ్రరీకి వచ్చి, పుస్తకం తెరిచి, ఒక పేజీ కూడా తిప్పకుండా వెళ్ళిపోయాను. నాకు తగిలిన దెబ్బ ఒకటి కాదు. నాన్న బతికి ఉన్నాడన్న లైను చదివి లేచి నిలబడ్డాను. తర్వాతి లైనులోనే నా చెయ్యి కాల్చింది ఆయనేనని చదివి కూర్చున్నాను. లేవడానికీ కూర్చోవడానికీ మధ్య నాకు నాన్న ఉన్నది అంతసేపే.

వారాసిగూడ రెండుసార్లు వెళ్ళాను. మీకు చెప్పకూడదనుకున్నాను. సోఫా దుకాణాల వీధి మొదట్లో, మిర్చి బజ్జీల బండి పక్కన నిలబడ్డాను. దూరంగా ఒకాయన వంగి మేకులు కొడుతున్నాడు. మేకుల్ని పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీస్తున్నాడు. ఆయనేనో కాదో తెలియదు. దూది వాసన వచ్చింది, చెయ్యి మండింది, వెనక్కి వచ్చేశాను. ఇన్నేళ్ళూ నా చేతికి తెలుసన్నమాట. నాకే తెలియదు.

మీ మీద కోపం ఉందా అంటే, దానికింకా పేరు దొరకలేదు. అన్నం పెట్టింది మీరే, ఆస్పత్రిలో పక్కన కూర్చుంది మీరే. చావని మనిషి కోసం నన్ను తొమ్మిది ఊళ్ళలో ఏడిపించింది కూడా మీరే. ఆ ఊళ్ళ పేర్లు నాకింకా వరసగా వచ్చు. ఒక్కో ఊళ్ళో ఎవరో ఒక ముసలమ్మ నా తల నిమిరి బెల్లం ముక్క చేతిలో పెట్టేది. అది నేను దొంగతనం చేసిన బెల్లం. నాకు తెలియకుండా నాచేత చేయించారు.

నాకు రెండు కావాలి. మొదటిది, ఆ అబద్ధం చెప్పించిన చోటే నిజం చెప్పండి. మాణికేశ్వర్ నగర్‌లో, ఆదివారం, నిలబడి. రెండోది, ఇక నాకు రాసేటప్పుడు యాకోబునీ లాబానునీ తేవద్దు. మీరు వాళ్ళ వెనక నిలబడి మాట్లాడుతున్నట్టుంది. మీరే ముందుకి వచ్చి మాట్లాడండి.

కృప.


మెట్టుగూడ,
అక్టోబరు 6.

కృపకు,

నిన్న ఆదివారం చెప్పాను.

నువ్వన్నట్టే నిలబడి చెప్పాను. కుర్చీ నీ దగ్గరే ఉంది. ప్రసంగం సిద్ధం చేసుకోలేదు. "నా మేనకోడలు చెప్పిన సాక్ష్యం అబద్ధం. ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నేనే చెప్పించాను" అన్నాను. రేకుల షెడ్డు నిండా జనం ఉన్నారు. ఎవరైనా తిడతారేమో, ఆ తిట్టు పట్టుకుని నిలబడదామని చూశాను. ముందు వరసలో పోచమ్మ లేచింది. ఇరవై ఏళ్ళుగా అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచే మనిషి. కొంగు దులుపుకుని, "ఇన్నేండ్లు మాతోని ఆమెన్ అనిపిచ్చినవ్ గదనయ్యా" అని, చాప చుట్టి చంకన పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనక సగం మంది వెళ్ళారు. ఉన్న సగం మంది ఎందుకున్నారో నాకు తెలియదు. నేను ప్రార్థన చేయలేదు. ఒక పెద్దాయన చేశాడు.

వచ్చే ఆదివారం నేను మాట్లాడను. ఎప్పుడు మాట్లాడతానో, మాట్లాడతానో లేదో వాళ్ళు చెప్తారు.

నీ రెండో మాట ప్రకారం ఇందులో ఎవరినీ తేలేదు. ఎంత కష్టమైందో నీకు తెలుసు. పెన్ను నాలుగుసార్లు అటే పోయింది.

నేను వారాసిగూడ వెళ్ళి అతన్ని పిలవాలి. అతనికి పిలుపు కావలసింది నా నోటి నుంచే. కానీ నువ్వు వద్దంటే పిలవను. ఈసారి నీ తరఫున నేను నిర్ణయం చేయను. పిలవమంటావా?

సుందరరావు.


తార్నాక,
అక్టోబరు 14.

మామయ్యా,

పోచమ్మ వెళ్ళిపోయిందని చదివి ఏడ్చాను. మీ కోసమో ఆమె కోసమో తెలియదు.

మీరడిగినదానికి జవాబు ఐదు రోజుల నుంచి రాసి చింపుతున్నాను. పిలవమనడానికి నోరు రావడం లేదు. వద్దనడానికి కూడా రావడం లేదు. ఆయన్ని చూస్తే నా చెయ్యి చూపించి అరుస్తానేమో. లేక ఏమీ అనకుండా ఇంటికొచ్చిన కరెంటు మనిషిని చూసినట్టు చూస్తానేమో. అది ఇంకా భయం.

సోఫా అయింది. గుడ్డ కూడా వేశాను. విశాలాక్షి గారు వచ్చి కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, "బానే ఉంది గానీ ఎడం పక్క కుంగుతోందమ్మాయ్. నేను లావనుకున్నా, కాదు, సోఫాదే తప్పు" అన్నారు. ఎనిమిది వైపులా కట్టాను, సగం అణచే కట్టాను. ఎక్కడో ఒక ముడి జారుతోంది. ఎక్కడో కనిపెట్టలేకపోతున్నాను. గుడ్డ విప్పితే గానీ తెలియదు. విప్పాలంటే భయంగా ఉంది.

గుడ్డ వేసేముందు లోపల చెక్క మీద నా పేరు రాద్దామని పెన్సిలు తీశాను. రాయలేదు. ఇంటి పేరు రాయాలా, కృపారాణి అని ఊరుకోవాలా తెలియలేదు.

కృప.


మెట్టుగూడ,
అక్టోబరు 19. పొద్దున.

కృపా,

ఇది పోస్టులో వేయడం లేదు. మూడు రోజులు ఆగే వీలు లేదు.

నువ్వు పిలవమనలేదు, వద్దనలేదు. నేను ఆగుదామనుకున్నాను. నిన్న మీ అత్త కబురు తెచ్చింది. వారాసిగూడలో ఆ దుకాణం మూసేస్తున్నారట. ఉప్పలయ్య సామాను కట్టుకున్నాడు, ఈ సాయంత్రం బస్సుకి నిజామాబాద్ తిరిగి వెళ్తున్నాడు. అది విని చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

సంచీలో సుత్తి, సూదులు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. వెంట్రుకలు మొత్తం తెల్లబడ్డాయి.

"పిలువనీకి వచ్చిన" అన్నాను.

అతను చేతిలోని సూదుల్ని సంచీలో పెట్టాడు. తర్వాత, "పద్నాలుగేండ్లు నిండి ఇంకో రెండేండ్లు ఎక్కువైనయి బావా" అన్నాడు. అందులో కోపం లేదు. లెక్క సరిచూసినట్టు అన్నాడు. అదే నన్ను కోసింది.

నేను నీ సంగతి అంతా చెప్పాను. మచ్చ సంగతి నీకు తెలుసనీ చెప్పాను. అది వినగానే సంచీ పక్కన కూలబడ్డాడు. "ఎర్కైందా? ఇంక నేనేం మొకంతోని పోత?" అన్నాడు. "నేను పిలిస్తె సరిపోదు. బిడ్డ పిలిస్తెనే లోపటికి పోత. పిలవకుంటె తిరిగి చూడకుంట పోత" అన్నాడు. ఆ మనిషి మాట ఇస్తే ఎట్లా నిలబెట్టుకుంటాడో పదహారేళ్ళు చూశాను. తప్పకుండా వెళ్ళిపోతాడు. మళ్ళీ వస్తాడని నేను చెప్పలేను.

ఇదంతా నిన్ను ఒత్తిడి పెట్టడానికి రాయడం లేదు. నీకు అరవాలనిపిస్తే అరిచెయ్. చెయ్యి చూపిస్తే చూపించు, అది అతను చూడవలసిందే. ఏమీ అనలేకపోతే అనకు. క్షమించమని నేను చెప్పను, ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. కానీ నీ జవాబు నీదే కావాలి, అతని ముఖం మీదనే కావాలి. నా చేతి మీదుగా ఇంకొక్క మాట కూడా మీ ఇద్దరి మధ్య నడవకూడదు. ఇదే ఆఖరుది.

సోఫా ఎడమ పక్క ముడి ఎక్కడ జారిందో నీకు నాకు తెలియదు. తెలిసినవాడు ఒకడున్నాడు.

ఈ కాగితం నీ చేతికి ఇచ్చిన మనిషి ముఖం సరిగ్గా చూశావా? తెల్ల వెంట్రుకలు, భుజాన గోనె సంచీ. ఉత్తరం ఇచ్చి మెట్ల మీదే ఆగమన్నాను, ఆగే ఉంటాడు. నువ్వు చదవడం అయ్యేదాకా ఆగుతాడు, అంతకంటే ఆగడు. ఇక చదవకు కృపా. సాయంత్రం అనుకోకు, రేపు అనుకోకు, రేపును నమ్మి నేను నీ పదహారేళ్ళు తిన్నాను. కాగితం కింద పెట్టు. లే. తలుపు తియ్యి.